మీటరు లేని కుళాయి

మనిషిని మార్చడానికి లోకంలో ఇంతవరకూ కనిపెట్టిన సాధనాలన్నింటిలోకీ గొప్పది నీళ్ళ మీటరు. ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు. ప్రవచనాలు విని మారనివాళ్ళు, తీర్థాలు తిరిగి మారనివాళ్ళు కూడా, కుళాయికి గుప్పెడంత ఇత్తడి ముక్క బిగించేసరికి ఋషులైపోయారు!

ఈ మాట అంటే మన ఊళ్ళో చాలామందికి కోపం వస్తుంది. పక్కన గోదావరి పెట్టుకుని నీళ్ళు కొలిచి పోయించుకోవడమేమిటని వాళ్ళ బాధ. అయ్యా, గోదావరి పక్కనే ఉందన్న ధీమాతోనే కదా మనం ఇన్నేళ్ళూ స్కూటర్లకి అభిషేకాలు చేశాం? గుమ్మం ముందు కళ్ళాపి పేరుతో వీధి మొత్తం కడిగాం?

మీటరు మీద మీకింకా అనుమానం ఉంటే ఒక్కసారి ఇన్నీసుపేట వచ్చి గున్నేశ్వరరావు గారిని చూడండి. ఆయన సైట్ మీదికి వెళ్ళి ఉంటే ఆయన భార్య మీనాకుమారిని చూసినా చాలు. మీటరు మహిమ ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

గున్నేశ్వరరావు గారిది అద్దాలు కడిగే వ్యాపారం. నవ్వకండి. రాజమండ్రిలో ఇప్పుడు గోడలున్న మేడలు ఎన్ని మిగిలాయి? బట్టల షాపుకి అద్దాలే, నగల షాపుకి అద్దాలే, ఆసుపత్రికి అద్దాలే. ఆఖరికి పిల్లల కోచింగ్ సెంటర్ కూడా కింది నుంచి పై దాకా అద్దమే. రోహిణీ కార్తె ఎండల ఊళ్ళో చుట్టూ అద్దాలు బిగించుకుని, లోపల ఉడికిపోయి, ఆ ఉడుకు తగ్గడానికి గదికో ఏసీ పెట్టుకోవడమే కదా అభివృద్ధి అంటే! ఆ అభివృద్ధి మీద లారీలు లేపిన దుమ్ము పడుతుంది. అది కడిగిపెట్టేది ‘తళతళ గ్లాస్ క్లీనింగ్ సర్వీసెస్’. ప్రొప్రయిటర్ గున్నేశ్వరరావు.

ఇంటి పక్క ఖాళీ జాగాలో రేకుల షెడ్డు వేశారు. అందులో నిచ్చెనలు, నడుముకి కట్టుకునే బెల్టులు, రబ్బరు వైపర్లు, ఓ ట్రాలీ ఆటో, ఆటోలో నీలం రంగు డ్రమ్ములు. షెడ్డుకి ఒక కమర్షియల్ కుళాయి ఉంది. ఇంటికి ఒక మామూలు కుళాయి ఉంది. రెంటికీ మధ్య నడుమెత్తు పిట్టగోడ. మన కథంతా ఆ గోడకి అటూ ఇటూ జరిగిందే.

మీటర్లు రాకముందు షెడ్డు కుళాయి కింద పైపు పడేసి అందరూ టీకి వెళ్ళిపోయేవారు. డ్రమ్ములు నిండి, పొంగి, షెడ్డంతా తడిసి, ఆ నీళ్ళు వీధి చివరి దాకా పారేవి. వంటింటి కిటికీలోంచి మీనాకుమారి నీళ్ళు పోతున్నాయండీ అని కేక వేస్తే, గోదారేమన్నా ఎండిపోతుందా అని గున్నేశ్వరరావు గారు తిరిగి కేక వేసేవారు. చాలా ఉదారమైన రోజులు.

తర్వాత కమర్షియల్ కుళాయిలకి మీటర్లు బిగించారు. మొదటి బిల్లు వచ్చిన రోజు ఆయన దాన్ని నిలబడి చదివారు. కూర్చుని చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. మర్నాడు నిద్ర లేచింది పాత గున్నేశ్వరరావు గారు కాదు, జల తపస్వి!

ముందుగా పైపులు నిషేధమయ్యాయి. ఎంత అద్దానికైనా ఒక్క బకెట్టే. ఆ తర్వాత బకెట్టు కూడా విలాసమని తేలింది. మంగలి షాపుల్లో జుట్టు మీద తుంపర్లు కొట్టే సీసాలు డజన్ల లెక్కన కొనుక్కొచ్చారు. పాతికేళ్ళుగా అద్దాలు కడుగుతున్న సత్తియ్యని దానవాయిపేటలో ఓ ఆసుపత్రి ముందు ఆ సీసాతో నిచ్చెన ఎక్కించారు. కిందనున్న పేషెంట్ల బంధువులు సత్తియ్యని చూసి, పైన ఎవరికో గడ్డం గీస్తున్నారనుకున్నారట. సాయంత్రం సత్తియ్య సీసా తిరిగిచ్చేస్తూ ఒక్క మాటే అన్నాడు.

“ఆయ్, అద్దం తడిసిందండి. దుమ్ముకే తెలిసినట్టు లేదండి.”

సంస్కర్తలకి మొదట్లో ఇలాంటి మాటలు తప్పవు కదా? గున్నేశ్వరరావు గారు నిరుత్సాహపడలేదు. మీటరు మనిషికి ఇచ్చే అసలు వరం పొదుపు కాదు, ఆలోచన. ఆలోచిస్తూ ఆయన షెడ్డులో పచార్లు చేశారు. పచార్లు చేస్తుంటే ఆయన చూపు పిట్టగోడ దాటింది. గోడకి అవతల ఇంటి కుళాయి ఉంది. దానికి మీటరు లేదు!

మర్నాడు పొద్దున్న మీనాకుమారి బిందె పట్టుకుని వచ్చేసరికి కుళాయికి నీలం పైపు తగిలించి ఉంది. పైపు గోడ ఎక్కి, షెడ్డులోకి దిగి, డ్రమ్ములో తల పెట్టుకుని హాయిగా తాగుతోంది. ఆవిడ బిందె పక్కన పెట్టి నిలబడింది. డ్రమ్ములన్నీ నిండాయి. ఆ వెంటనే కుళాయి ఆగిపోయింది. మునిసిపల్ నీళ్ళు వచ్చేదే పొద్దున్న కాసేపు. ఆ కాసేపూ డ్రమ్ములకి సరిపోయింది, చూశారా! ఒక్క చుక్క వృథా అయితే ఒట్టు.

ఇక ఇంటికి మిగిలింది బోరు. ఇన్నీసుపేటలో ఆ బోరు ఎలాంటిదో తాగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళతో కందిపప్పు ఉడకదు. కుక్కరు ఎన్ని కూతలు కూసినా పప్పు మాత్రం కొట్లోంచి తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. టీ గిన్నెలో పాలు విరుగుతాయి. స్టీలు గ్లాసుల మీద తెల్ల పొర కడుతుంది. తలంటుకుంటే జుట్టు కొబ్బరి పీచై కూర్చుంటుంది. మీనాకుమారి కెమిస్ట్రీతో బీయస్సీ చదివింది. ఆ చదువు ఇన్నేళ్ళకి ఉపయోగంలోకి వచ్చింది. పప్పు ఎందుకు ఉడకదో ఆవిడకి ఫార్ములాతో సహా తెలుసు. ఎందుకో తెలిసినంత మాత్రాన పప్పు ఉడుకుతుందా?

ఆవిడ గొడవ చేసే మనిషి కాదు. పొద్దున్న కుళాయి వచ్చినప్పుడు వంటకీ తాగడానికీ నాలుగు బిందెలు పట్టుకోవాలి. ఆవిడకి కావలసింది అంతే. ఆ మాటే అడిగింది. బోరు నీళ్ళు పైప్‌లో ఇరవై నాలుగ్గంటలూ వస్తున్నాయి కదా, అవే డ్రమ్ముల్లో పట్టుకోకూడదా అని అడిగింది.

“బోరు నీళ్ళతో కడిగితే అద్దం మీద తెల్ల మరకలు పడతాయి మీనా.”

“మరి మా గ్లాసుల మీద పడటం లేదా అండీ?”

“మేడ అద్దానికి ఓనరుంటాడు. ఊరుకోడు కదా,” అన్నారు గున్నేశ్వరరావు గారు చాలా ఓపిగ్గా.

వ్యాపార ధర్మం ఇంత సూటిగా ఏ ఎంబీయే కాలేజీలో చెప్తారు? ఊరుకోనివాళ్ళకి మంచినీళ్ళు, ఊరుకునేవాళ్ళకి బోరు నీళ్ళు. పైగా బోరు నీళ్ళలో మినరల్స్ ఉంటాయని, జనం సీసాలు కొనుక్కుని మరీ తాగుతున్నారని కూడా ఆయన చెప్పారు. ఇంట్లో ఉచితంగా దొరుకుతుంటే చేదయిందన్నమాట!

ఏసీల నుంచి పొద్దస్తమానం కారే నీళ్ళు పట్టుకోవచ్చు కదా, వాటిలో ఉప్పూ సున్నం ఏవీ ఉండవు, మరక పడదు అని మీనాకుమారి సలహా ఇచ్చింది. ఆయన ఆలోచించి, ఏసీ కింద బకెట్టు పెడితే ఆ షోరూమ్ వాళ్ళు దానికి కూడా ఓ రేటు కడతారేమోనని భయపడ్డారు. ఇంటి కుళాయితో ఆ భయం లేదు.

అప్పుడు మీనాకుమారికి ఒక ఉపాయం తట్టింది. పాపం, ఉపాయాలు తట్టడం కూడా మీటరు ప్రభావమే.

“పోనీ శుక్రవారం పూటైనా కుళాయి వదిలెయ్యండి. శుక్రవారం అద్దాలు కడిగితే లక్ష్మి నిలవదంటారు,” అంది.

అలా ఎవరూ అనరు. ఆ క్షణాన మీనాకుమారే అంది. వారానికి ఒక్కరోజైనా పప్పు ఉడుకుతుందని అంది.

గున్నేశ్వరరావు గారు తింటున్న ముద్ద ఆపి ఆవిడ వైపు చూశారు. కళ్ళు మెరిశాయి. నెలకి ఇంతని కాంట్రాక్టు. శుక్రవారాలు ఎగ్గొడితే కాంట్రాక్టు సొమ్ము తగ్గదు, నీళ్ళు తగ్గుతాయి! మీటరు లేని రోజుల్లో అయితే ఈ ధర్మసూక్ష్మం ఆయనకి తట్టేదా?

ఆ మధ్యాహ్నమే ఆటో వేసుకుని తాడితోట వెళ్ళి కస్టమర్లందరికీ చెప్పి వచ్చారు. ఇంటి కుళాయి మాత్రం శుక్రవారం కూడా వదల్లేదు. శనివారానికి డ్రమ్ములు నింపుకోవద్దూ?

తాడితోటలో బట్టల షోరూమ్ పెట్టిన వీరవెంకటసత్యనారాయణ గారు గల్లాపెట్టె తాళం తియ్యాలన్నా పంచాంగం చూసే మనిషి. ఆయన ఈ కబురు విని ఉలిక్కిపడ్డారు.

“ఈ సంగతి తెలిసుండి ఇన్నాళ్ళూ శుక్రవారాలు కడిగేశారేంటండీ? అదన్నమాట మా పెళ్ళిళ్ళ సీజన్ అలా నీరుగారిపోవడం!”

అంతటితో ఊరుకోలేదు. వాళ్ళ సిద్ధాంతి గారిని పిలిపించి అద్దాలు కడగడానికి శాస్త్రం ఏమంటోందని అడిగారు. అద్దాల మేడల గురించి శాస్త్రం ఏమీ అనలేదని చెప్పడానికి సిద్ధాంతి గారికి మనసొప్పుతుందా? కాసేపు వేళ్ళు లెక్కపెట్టి, శుక్రవారం సరే, మంగళవారం కూడా కూడదన్నారు. అమావాస్య అసలే కూడదు. వచ్చేది ఆషాఢం, మంచిది కాదు. ఈ ఏడు దాంతో పాటు మూఢం కూడా వస్తోంది కనుక అది వెళ్ళేదాకా అద్దం మీద చుక్క నీరు పడకుండా ఉంటే శ్రేష్ఠమన్నారు.

ఆషాఢం సేల్ పెట్టి చీరలు అమ్ముకోవడానికి ఆషాఢం అడ్డు రాలేదు. అద్దం కడగడానికి వచ్చింది! సత్యనారాయణ గారు ఈ సంగతి వర్తకుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మూడోనాటికల్లా నగల షాపులూ, ఫ్యాన్సీ షాపులూ, చివరికి ఆ ఆసుపత్రి కూడా, మూఢం వెళ్ళాక కనబడమని కబురు చేశాయి.

‘తళతళ’ మూతబడ్డంత పనైంది. సత్తియ్య కడియం నర్సరీలో మొక్కల కవర్లలో మట్టి నింపే పనికి వెళ్ళిపోయాడు. తాడితోట అద్దాల మీద దుమ్ము దుప్పటిలా పేరుకుంది. లోపల చీరలు కట్టుకున్న బొమ్మలు ముసుగేసుకున్న మనుషుల్లా కనిపించాయి. ఇంటి కుళాయి చాలనప్పుడు అడపాదడపా తిరిగే షెడ్డు మీటరు ముల్లు అసలు కదలడమే మానేసింది.

పాఠకులు గమనించాలి. నీటి పొదుపులో ఇంతకు మించిన స్థితి లేదు! వ్యాపారం లేకపోతే నీటి ఖర్చు లేదు. ఆ నెల మినిమమ్ బిల్లు వచ్చింది. గున్నేశ్వరరావు గారు దాన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించారు. పొద్దున్నే నడిచే వాకర్స్ క్లబ్బు వాళ్ళు ఆయనకి శాలువా కప్పి, జల సంరక్షణ మీద రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన రెండు మాటలతో ఆపలేదు. ప్రతి నీటిబొట్టూ ఎంత విలువైనదో చెప్పి, ఈ యజ్ఞంలో తన భార్య సహకారం ఎంతైనా ఉందని ముగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరసలో ఇంకా మెత్తబడని పీచు జుట్టుతో కూర్చున్న మీనాకుమారి కూడా కొట్టింది.

మూఢం వెళ్ళింది. శ్రావణం వచ్చింది.

నెలన్నర దుమ్ముతో ఉన్న అద్దాలన్నీ వరలక్ష్మీ వ్రతం లోపల కడిగెయ్యాలని ఊరంతా ఒక్కసారిగా ఫోన్లు. వ్రతం నాడు లక్ష్మి మురికి అద్దంలోంచి లోపలికి ఎలా వస్తుందని సత్యనారాయణ గారు పదే పదే అడిగారు. గున్నేశ్వరరావు గారు కడియం వెళ్ళి సత్తియ్యని బతిమాలి తెచ్చుకున్నారు. ఈ దుమ్ముకి సీసాలు చాలవని ఆయనకే అర్థమైంది. డ్రమ్ములు రెట్టింపు చేశారు. ఇంటి కుళాయికి తగిలించిన పైపు వారమంతా ఊడదీయలేదు.

మీనాకుమారి ఇంట్లోనూ వ్రతమే. వీధిలో ముత్తయిదువులందర్నీ పేరంటానికి పిలిచింది. బూరెలకి పూర్ణం వండాలి. పప్పు ఉడక్కపోతే పూర్ణం లేదు. ముందురోజు సాయంత్రం ఆయన్ని ఒకటే అడిగింది. తెల్లారాక కుళాయి వస్తుంది, అందులో నాలుగు బిందెలు తనకి వదలమంది. ఆయన తప్పకుండా అన్నారు. దేవుడి పనికి కాదంటానా అని కూడా అన్నారు.

తెల్లారింది. ఆవిడ మడి కట్టుకుని బిందెలతో వచ్చేసరికి డ్రమ్ములు నిండి, ఆటో వీధి మలుపు తిరుగుతోంది. కుళాయి కింద తడి కూడా లేదు. తర్వాత ఫోన్ చేస్తే, సత్యనారాయణ గారు తొమ్మిదింటికి పూజ పెట్టుకున్నారని, ఆయన లక్ష్మీదేవి ఆలస్యం కాకూడదని చెప్పారు. శుక్రవారమే అయినా వ్రతం నాడు పూజకి ముందు కడిగితే దోషం లేదని సిద్ధాంతి గారు సెలవిచ్చారట.

బోరు నీళ్ళలో శనగపప్పు పెట్టింది. కుక్కరు కూసింది. మళ్ళీ కూసింది. గ్యాస్ బండ ఖాళీ అయ్యేదాకా కూసింది. పప్పు పలుకు పలుకుగానే ఉంది. దాన్నే రుబ్బి, బెల్లం కలిపి, మనసు రాయి చేసుకుని బూరెలు వేసింది.

పేరంటంలో అందరికంటే పెద్దావిడ బుల్లెమ్మ గారు. బూరె కొరికి, దవడ కాసేపు అటూ ఇటూ ఆడించి, మీనాకుమారిని దగ్గరికి పిలిచారు.

“అమ్మాయ్, ఏవీ అనుకోకు. మీ అత్తగారున్నప్పుడు ఈ ఇంట్లో బూరి నోట్లో పెట్టుకుంటే కరిగిపోయేదే. వంట ఆవిడతోనే పోయిందనుకుంటాను.”

మీనాకుమారి తాంబూలాలు ఇచ్చింది. కాళ్ళకి పసుపు రాసింది. అందర్నీ వీధి గుమ్మం దాకా సాగనంపింది. అదే సమయానికి తాడితోటలో అద్దాలు ఎంత తళతళలాడాయంటే, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి తలలు దువ్వుకున్నారట.

సోమవారం ఆవిడ ఒక్కతే నీళ్ళ ఆఫీసుకి వెళ్ళింది. కౌంటరు ముందు మీటర్లు తీసెయ్యమని అడిగేవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఆవిడ వంతు వచ్చింది. కౌంటరులో హరిబాబు అనే గుమాస్తా ఆవిడ చెప్పింది విని, సరిగ్గా వినలేదనుకుని మళ్ళీ చెప్పమన్నాడు. ఇంటి కుళాయికి మీటరు బిగించాలి, ఆవిడ మళ్ళీ అదే చెప్పింది.

“ఇళ్ళకి అక్కర్లేదండి. పెట్టమని ఎవరూ అడగరండి.”

“నేను అడుగుతున్నాను కదండీ.”

“మీకు బిల్లొస్తుందండి మరి.”

“రావాలండి,” అంది మీనాకుమారి.

హరిబాబు పక్క సీటాయన వైపు చూశాడు. ఆయన భుజాలు ఎగరేశారు. ఇద్దరూ కలిసి, పాపం ఎవరో మంచి కుటుంబంలో ఆవిడే అన్నట్టు సానుభూతిగా చూసి, కాగితాలు తీసుకున్నారు. మీటరు బిగించే మనిషి వచ్చిన రోజు గున్నేశ్వరరావు గారు దానవాయిపేటలో ఉన్నారు. ఇత్తడి మీటరు, అద్దం మూత, సీసపు సీలు. మీనాకుమారి దానికి బొట్టు పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఆయన పైపు చేత్తో పట్టుకుని హుషారుగా వచ్చి, కుళాయి దగ్గర వంగి, అలాగే ఉండిపోయారు. తిప్పి చూశారు. ముల్లు గిర్రున తిరిగింది. చటుక్కున కట్టేశారు.

“ఇదెవరు పెట్టమన్నారు?”

“నేనేనండి.”

“మతి పోయిందా నీకు? ఇంటి నీళ్ళకి కూడా బిల్లు కట్టాలా ఇప్పుడు?”

“నాలుగు బిందెలకి ఎంతవుతుందండీ? డ్రమ్ములు నింపితేనే అవుతుంది,” అని ఆవిడ బిందె కుళాయి కింద పెట్టింది.

గున్నేశ్వరరావు గారు పొదుపు బాగా అలవాటైన మనిషి. ఆ లెక్క అర్థం చేసుకోవడానికి ఆయనకి ఆట్టే సేపు పట్టలేదు. పైపు చుట్ట చుట్టుకుని గోడ అవతలికి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, కుళాయి మరీ అంత పెద్దగా తిప్పకు మీనా అని హెచ్చరించారు. ఇన్ని నెలల్లో ఆ ఇంట్లోకి వచ్చే నీళ్ళకి విలువ ఉందని ఆయన అనడం అదే మొదటిసారి! ఆ రోజు కందిపప్పు వెన్నలా ఉడికింది. ఆయన రెండోసారి వడ్డించుకుని తిన్నారు కూడా.

ఏసీ నీళ్ళ సంగతి ఆయనకి ఆ వారంలోనే గుర్తొచ్చింది. ఇప్పుడు తాడితోటలో ప్రతి ఏసీ కిందా ఓ నీలం డ్రమ్ము ఉంది. ఆలోచన తనదేనని ఆయన వాకర్స్ క్లబ్బులో చెప్పుకున్నారట. చెప్పుకోనివ్వండి, దానికి మీటరు లేదు.

కానీ మీటరు మనిషి అక్కడితో ఆగుతాడా? అద్దాలు తుడిచిన గుడ్డలు ఇదివరకు డ్రమ్ముల అడుగున మిగిలిన నీళ్ళలో సత్తియ్య జాడించేవాడు. ఏసీ నీళ్ళలో మిగులు ఉండదు. ఓ సాయంత్రం ఆయన ఆ గుడ్డలన్నీ మూట కట్టి తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టారు. మొహం వెలిగిపోతోంది.

“రేవులో నీళ్ళకి మీటరు లేదు కదా మీనా! పొద్దున్నే వెళ్ళి ఓ మునకేసి, ఆ చేత్తోనే ఇవి కూడా జాడించుకుని వచ్చెయ్. పుణ్యానికి పుణ్యం.”

మీనాకుమారి స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి మూట చూసింది.

“అలాగేనండి. గుడ్డకి ఎంతిస్తారు?”

ఆవిడ నవ్వలేదు. కోప్పడలేదు. బిల్లు ఇచ్చే మనిషి ఎంత మామూలుగా అడుగుతాడో అంత మామూలుగా అడిగింది. ఇంట్లో మనిషివి నీకేంటి అని ఆయన మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి ఆపేశారు. కాసేపు మూటనీ, కాసేపు ఆవిడనీ చూశారు. తర్వాత ఆయనే మూట ఎత్తుకుని షెడ్డులోకి వెళ్ళారు. చాలాసేపు గోడ అవతల గుడ్డలు బండకేసి కొడుతున్న చప్పుడు వినిపించింది. మధ్యమధ్యలో ఆగుతోంది. నడుం నొప్పి కాబోలు.

కాబట్టి మీటర్లు తీసెయ్యాలని ధర్నాకి కూర్చున్న పెద్దలారా, మీ టెంటు కాస్త పక్కకి జరుపుకోండి. ఇంకా మీటర్లు కావాలని అడగడానికి ఆడవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి కుళాయి ఒక్కదానికే పెడితే చాలదట!